చంద్రుడి నేల కింద పొరలు: కక్ష్య రాడార్ డేటాతో పని మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్టుల సీజన్ రాగానే నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల నుంచి ఫిజిక్స్, జియాలజీ పిల్లలు అడిగేది ఒకటే. "సార్, చంద్రుడి నేల కింద పొరలు రాడార్‌తో చూడొచ్చంట, డేటా కూడా ఫ్రీ అంట, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పనిలో బొమ్మ గీయడానికి ఒక సాయంత్రం చాలు. ఆ బొమ్మలో కనిపించిన గీత నిజంగా నేల కింద నుంచి వచ్చిందా, పక్కనున్న బిలం (క్రేటర్) గోడ నుంచి వచ్చిందా అని తేల్చడానికే వారాలు పడుతుంది. అది తేలకముందు లోతు లెక్క కట్టకండి. అందుకే కింద 5వ అంచె మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది.

## 1. ముందు ఎంత లోతు కావాలో తేల్చుకోండి

చంద్రయాన్-2 మన పక్కనున్న శ్రీహరికోట నుంచే 2019 జులై 22న ఎగిరింది కాబట్టి అందరూ దాని రాడార్ డేటాతోనే మొదలుపెడదామంటారు. ఆశ మంచిదే, కానీ ఆ పరికరం పని వేరు. దాని రాడార్ ఎల్-బ్యాండ్ (1.25 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 24 సెంటీమీటర్లు), ఎస్-బ్యాండ్ (2.5 గిగాహెర్ట్జ్, 12 సెంటీమీటర్లు) వాడుతుంది. ఎండు ధూళిలో ఈ తరంగాలు కొన్ని మీటర్లు మాత్రమే దిగుతాయి. పైగా అది పక్కకు చూసే ఇమేజింగ్ రాడార్. నేలను నిలువుగా కోసినట్టు చూపించదు.

వందల మీటర్ల లోతు కావాలంటే పొడవైన తరంగాలు, నేరుగా కిందికి తరంగం పంపి ప్రతిధ్వని పట్టే రాడార్, అంటే సౌండర్ కావాలి. జపాన్ కగుయా నౌకలోని లూనార్ రాడార్ సౌండర్ అలాంటిది. 2007లో ప్రయోగించిన ఈ నౌక సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పనిచేసింది. సౌండర్ ఫ్రీక్వెన్సీ 4 నుంచి 6 మెగాహెర్ట్జ్, మధ్యలో 5, అంటే తరంగదైర్ఘ్యం 60 మీటర్లు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని డేటా గురించే.

ఎంపిక ఇలా చేయండి:

- వందల మీటర్ల నుంచి కిలోమీటరు దాకా, లావా పొరలు: కగుయా సౌండర్.
- పై కొన్ని మీటర్లు, పూడిపోయిన రాళ్లు, ధ్రువాల దగ్గర మంచు ప్రశ్న: చంద్రయాన్-2 ఎల్, ఎస్-బ్యాండ్‌లు, లేదా అమెరికా ఎల్‌ఆర్‌ఓ నౌకలోని మినీ-ఆర్‌ఎఫ్.
- ఈ రెంటికీ మధ్య, పదుల మీటర్ల లోతు: కక్ష్య నుంచి సరిగా అందదు. చైనా రోవర్లు నేల మీద తిరుగుతూ రాడార్‌తో చూసింది ఈ మధ్య లోతునే.

"మరి మన ఊళ్లో నేల కింద కిలోమీటరు ఎందుకు చూడలేం సార్?" అని తప్పకుండా అడుగుతారు. నీళ్ల వల్ల. కొత్తపట్నం వైపు ఉప్పు నేలలో రాడార్ తరంగం దిగీ దిగకముందే చచ్చిపోతుంది. చంద్రుడి నేలలో తడి లేదు, అందుకే తరంగం అంత లోతుకు వెళ్తుంది. అక్కడ దాన్ని ఎక్కువగా మింగేసేది ఇనుము, టైటానియం ఉన్న ఖనిజాలు, ముఖ్యంగా ఇల్మనైట్.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. అంతకంటే తక్కువైతే ఆన్‌లైన్ నోట్‌బుక్ వాడండి.
- పైథాన్, అందులో నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్. మ్యాపుల కోసం క్యూజీఐఎస్.
- కగుయా సౌండర్ డేటా: జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా నడిపే డార్ట్స్ ఆర్కైవ్‌లో ఉంటుంది.
- ఎత్తుపల్లాల మ్యాపు: ఎస్ఎల్‌డెమ్2015. ఎల్‌ఆర్‌ఓ లేజర్ కొలతలనూ కగుయా స్టీరియో చిత్రాలనూ కలిపి చేశారు. ఉత్తర, దక్షిణ 60 డిగ్రీల మధ్య, డిగ్రీకి 512 బిందువులు, అంటే సుమారు 60 మీటర్లకు ఒకటి.
- అదే ప్రాంతానికి కెమెరా చిత్రాలు. బిలాలను కంటితో చూసుకోవడానికి.
- ఒక నోట్‌బుక్. ఏ ఫైలుకు ఏ ఫిల్టర్ వేశారో రాసుకోకపోతే నెల తర్వాత మీ బొమ్మ మీకే అర్థం కాదు.

క్యూజీఐఎస్‌లో చంద్రుడి కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టుకోవడం మరవొద్దు. వ్యాసార్థం 1737.4 కిలోమీటర్లు. భూమిది అలాగే వదిలేస్తే దూరాలన్నీ మూడున్నర రెట్లకు పైగా తప్పుతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం ఏ ఎర్రర్ చూపించదు.

## 3. చోటు ఎంచుకోవడం

నున్నగా ఉన్న మైదానం తీసుకోండి. చంద్రుడి మీద నల్లగా కనిపించే 'సముద్రాలు' లావా పరుచుకున్న మైదానాలే. మొదటిసారికి సెరినిటాటిస్ మంచిది. అక్కడా ఇంకొన్ని మైదానాల్లోనూ కొన్ని వందల మీటర్ల లోతున పొరలు కనిపించాయని కగుయా బృందం 2009లో ప్రచురించింది. మీ గీతను దానితో సరిపోల్చుకోవచ్చు. జవాబు తెలిసిన లెక్కతో చేతిని సరిచేసుకుని, తర్వాత కొత్త చోటికి వెళ్లండి.

వద్దనేవి:

- ఎత్తు ప్రాంతాలు, గరుకు నేలలు. అక్కడ పక్క ప్రతిధ్వనులే నిండిపోతాయి.
- టైటానియం బాగా ఎక్కువున్న లావా ప్రాంతాలు. తరంగం త్వరగా నీరసిస్తుంది.
- మారియస్ హిల్స్ లావా గుహ. పేరున్న చోటని అందరూ అక్కడికే పోతారు. గుహ పైకప్పు ప్రతిధ్వనిని విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

మీ కక్ష్య దారికి రెండు వైపులా 30 కిలోమీటర్ల మేర ఏ పెద్ద బిలాలు, కొండలు, ముడతలు ఉన్నాయో చేత్తో ఒక పటం గీసుకోండి. 5వ అంచెలో అది చాలా అవసరం.

## 4. డేటా దింపడం, రాడార్‌గ్రామ్ గీయడం

రాడార్‌గ్రామ్ అంటే నౌక దారి వెంట ఒక్కో చోట తిరిగొచ్చిన ప్రతిధ్వనులను నిలువుగా, పక్కపక్కన పేర్చిన బొమ్మ. కిందికి పోయేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది.

అ) ప్రతి డేటా ఫైలుతో పాటు ఒక లేబుల్ ఫైలు వస్తుంది. ముందు దాన్ని చదవండి. ఒక నిలువు గీతలో (అంటే ఒక పల్స్‌కు తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్లో) ఎన్ని నమూనాలు, ఒక్కో నమూనా మధ్య ఎంత సమయం, విలువలు డెసిబెల్‌లోనా (లాగరిథమ్ కొలత) మామూలు సంఖ్యలోనా, నౌక ఎత్తు ఏ కాలమ్‌లో ఉంది అన్నీ అందులోనే ఉంటాయి. బైట్ల వరుస తారుమారుగా చదివితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది.

ఆ) విలువలు మామూలు సంఖ్యలైతే డెసిబెల్‌లోకి మార్చండి. మారిస్తే తప్ప పొరల ప్రతిధ్వనులు కనిపించవు. నేల పైభాగపు ప్రతిధ్వని ముందు అవి చాలా బలహీనం.

ఇ) నౌక ఎత్తు మారుతూ ఉంటుంది. ఆ తేడా తీసేసి ప్రతి నిలువు గీతలో నేల పైభాగాన్ని సరైన చోటికి తెండి. ఎత్తుపల్లాల మ్యాపులో ఆ బిందువు దగ్గరున్న ఎత్తుతో సరిపోలిందా చూడండి. ఒకట్రెండు నమూనాలు తేడా వస్తే ఫర్వాలేదు. తేడా క్రమంగా పెరుగుతూ పోతే కక్ష్య వివరాలు తప్పు చదివినట్టే.

ఈ) పక్కపక్క నిలువు గీతలను కలిపి సగటు చేయండి. సౌండర్ సెకనుకు 20 పల్స్‌లు పంపింది కాబట్టి నేల మీద సుమారు 75 మీటర్లకు ఒక నిలువు గీత వస్తుంది. ఐదారు కలిపితే శబ్దం తగ్గుతుంది. యాభై కలిపితే వంపు తిరిగిన పొరలు చెరిగిపోతాయి. ఆర్కైవ్‌లో సింథటిక్ అపర్చర్ ప్రాసెసింగ్ (చాలా పల్స్‌ల ప్రతిధ్వనులను కలిపి బొమ్మను పదును చేసే పద్ధతి) చేసిన ఫైళ్లుంటే మొదటి ప్రాజెక్టుకు అవే తీసుకోండి.

ఉ) బొమ్మలో నిలువు కొలత దగ్గర 'మీటర్లు' అని రాయకండి. మైక్రోసెకన్లు అని రాయండి. మీటర్లు 8వ అంచెలో వస్తాయి.

## 5. క్లట్టర్ ఏరివేత: అసలు పని ఇదే

రాడార్‌కు దిక్కు తెలియదు, ఆలస్యం మాత్రమే తెలుసు. చీకట్లో కొండల మధ్య నిలబడి కేక వేస్తే తిరిగొచ్చిన చప్పుడు ఏ కొండదో చెప్పలేనట్టే, పక్కనున్న బిలం గోడ నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని కింద పొర నుంచి వచ్చినదానిలాగే కనిపిస్తుంది. దీన్నే క్లట్టర్ అంటారు.

లెక్క చూడండి. నౌక ఎత్తు 100 కిలోమీటర్లు. పక్కకు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న బిందువు నౌకకు నేరుగా కిందున్న నేలకంటే ఎంత ఎక్కువ దూరం? పక్క దూరం వర్గాన్ని ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే దాదాపుగా వస్తుంది: 169 ÷ 200 = 0.845 కిలోమీటరు. అంటే, ఆలస్యాన్ని శూన్యంలో దూరంగా లెక్కేస్తే, 13 కిలోమీటర్ల అవతలున్న బిలం గోడ మీ బొమ్మలో 845 మీటర్ల లోతున్న 'పొర'లా పడుతుంది. చంద్రుడి వంపు వల్ల ఈ సంఖ్య కొద్దిగా పెరుగుతుంది, మొదటి అంచనాకు పట్టించుకోనక్కర్లేదు.

కొండ అయితే ఇంకా మోసం. 20 కిలోమీటర్ల దూరంలో 1 కిలోమీటరు ఎత్తున్న శిఖరం తీసుకోండి. 400 ÷ 200 = 2 కిలోమీటర్లు, అందులోంచి ఎత్తు 1 కిలోమీటరు తీసేస్తే మిగిలింది 1. దూరంగా ఉన్నా తొందరగా వచ్చి పడుతుంది. 30 కిలోమీటర్ల పటం గీయమన్నది ఇందుకే.

అనుకరణ (నేల కింద ఏ పొరా లేకుండా పైనేల ప్రతిధ్వనులతోనే బొమ్మ ఎలా వస్తుందో ఎత్తుపల్లాల మ్యాపు నుంచి కంప్యూటర్‌లో తయారుచేయడం) చేసే క్రమం

1. ప్రతి నౌక స్థానానికీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు తీసుకుని చంద్రుడి కేంద్రం నుంచి ఎక్స్, వై, జెడ్ విలువలుగా మార్చండి.
2. రెండు వైపులా 30 కిలోమీటర్ల లోపలున్న మ్యాపు బిందువులన్నీ అలాగే మార్చండి. ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే మొదటి విడతకు నాలుగింటికి ఒక బిందువు చాలు.
3. ప్రతి బిందువుకూ నౌక నుంచి దూరం, దాన్నుంచి ఆలస్యం కట్టండి: దూరం × 2 ÷ కాంతి వేగం.
4. నౌక వైపు తిరిగిన వాలుకు ఎక్కువ బలం, పక్కకు తిరిగినదానికి తక్కువ బలం ఇవ్వండి. నేల చిన్నచిన్న పలకలతో చేసినట్టు భావిస్తే చాలు.
5. ఆలస్యం ప్రకారం గడుల్లో కూడండి. గడి వెడల్పు అసలు డేటా నమూనాల మధ్య ఉన్న సమయమే కావాలి.
6. అసలు డేటాకు ఎన్ని నిలువు గీతలు కలిపి సగటు చేశారో దీనికీ అన్నే చేయండి.

ఇప్పుడు మీ దగ్గర రెండు బొమ్మలున్నాయి. రెంటినీ ఒకే కొలతలో, ఒకే రంగుల్లో పెట్టి స్క్రీన్ మీద మార్చి మార్చి చూడండి. రెంటిలోనూ ఉన్న గీత క్లట్టర్. అసలు డేటాలో ఉండి అనుకరణలో లేనిది అభ్యర్థి. ఇంకా పొర అనకండి, అభ్యర్థి మాత్రమే.

రెండో పరీక్ష: పక్క కక్ష్య

నాకు అనుకరణ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ. కొన్ని కిలోమీటర్ల పక్కగా వెళ్లిన మరో కక్ష్య దారి తీసుకోండి. పైన చెప్పిన బిలం మొదటి దారికి 13 కిలోమీటర్ల దూరం. రెండో దారి ఇంకో 4 కిలోమీటర్లు అవతలుంటే దూరం 17 అవుతుంది. 289 ÷ 200 = 1.445 కిలోమీటర్లు. 845 దగ్గర కనిపించిన గీత ఒక్కసారిగా 1445కు దిగిపోతుంది. నిజమైన లావా పొర 4 కిలోమీటర్లలో అలా 600 మీటర్లు దూకదు. గీత దాదాపు అదే ఆలస్యం దగ్గర నిలబడితే మీ వాదనకు బలం వచ్చినట్టే.

మూడు దారుల్లో చూడమంటాను. రెండింటిలో యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఉంది.

## 6. సైడ్‌లోబ్, శబ్దం

క్లట్టర్ తర్వాత ఎక్కువ మోసం చేసేది సైడ్‌లోబ్. నేల పైభాగపు బలమైన ప్రతిధ్వని వెనకాల దాని నీడల్లాంటి చిన్న గీతలు సమాంతరంగా వస్తాయి. గుర్తుపట్టడం తేలికే: పైనేల ఎక్కడ లేస్తే ఆ గీతా అక్కడే లేస్తుంది, ఎక్కడ దిగితే అక్కడే దిగుతుంది, మధ్యలో దూరం మారదు. పల్స్ కంప్రెషన్‌లో (పొడవైన పల్స్ ప్రతిధ్వనిని సన్నగా కుదించే లెక్కలో) హానింగ్ లాంటి విండో, అంటే అంచులను తగ్గించే ఫిల్టర్ వేస్తే తగ్గుతుంది. బదులుగా నేల గీత కొంచెం మందమవుతుంది, ఆ నష్టం భరించవచ్చు.

పై నుంచి కింది దాకా నిలువుగా సాగే చారలు బయటి రేడియో శబ్దం. ఆ నిలువు గీతలను తీసేయండి, పక్క నిలువు గీతల నుంచి విలువలు నింపకండి.

## 7. గీత పట్టడం

- ఒకే చోట మెరిసిన చుక్కను వదిలేయండి. కనీసం పది, పదిహేను కిలోమీటర్లు తెగకుండా సాగిన గీతనే పట్టండి.
- చుట్టూ ఉన్న శబ్దం సగటు కంటే ఎన్ని డెసిబెల్ ఎక్కువో రాయండి.
- మీరు పట్టిన గీతను స్నేహితుడికి చూపించకుండా ఖాళీ బొమ్మ ఇచ్చి పట్టమనండి. ఇద్దరి గీతలూ కలవని చోట్లను నివేదికలో చుక్కల గీతగా చూపించండి.
- రంగుల కాంట్రాస్ట్ మార్చి మార్చి చూస్తే ఎక్కడైనా గీత పుడుతుంది. ఒక సెట్టింగ్ ముందే ఖాయం చేసుకుని దాని మీదే పనిచేయండి.

## 8. ఆలస్యాన్ని లోతుగా మార్చడం

రాతిలో తరంగం నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందో చెప్పేది రాతి పర్మిటివిటీ.

లోతు = కాంతి వేగం × ఆలస్యం ÷ (2 × పర్మిటివిటీ వర్గమూలం)

నేల పైభాగం తర్వాత 6 మైక్రోసెకన్లకు గీత కనిపించిందనుకోండి. శూన్యంలో అయితే 900 మీటర్లు. పర్మిటివిటీ 4 అయితే 450, 6 అయితే 367, 8 అయితే 318. ఒకే గీత, ఎంచుకున్న విలువను బట్టి ఇన్ని లోతులు. కాబట్టి "లోతు 367 మీటర్లు" అని ఒక్క సంఖ్య రాయడం తప్పు. "పర్మిటివిటీ 4 నుంచి 8 అనుకుంటే 450 నుంచి 318 మీటర్లు" అని రాయాలి.

ఆ విలువ చేతికి తెలియడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది, ప్రకాశం జిల్లా వాళ్లకు మరీ తేలిక. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ నిజానికది గాబ్రో (భూమి లోపలే చల్లారిన నల్లటి అగ్నిశిల) జాతి రాయి. ఆ రాతి సముదాయంలో అనార్థొసైట్ (ఎక్కువగా ఫెల్డ్‌స్పార్ ఉన్న రాయి) కూడా ఉంది. చంద్రుడి తెల్లటి ఎత్తు ప్రాంతాలు ప్రధానంగా అనార్థొసైట్‌వే. క్వారీ దగ్గర పారేసిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి.

- డిజిటల్ కాటా మీద పొడి రాయి బరువు చూడండి. ఉదాహరణకు 290 గ్రాములు.
- కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి.
- రాయిని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా 100 చూపిస్తే సాంద్రత 290 ÷ 100 = 2.9.

చంద్రుడి నమూనాల నుంచి తీసిన సూత్రం ప్రకారం 1.919ని సాంద్రత ఎంతో అంత ఘాతానికి పెంచితే పర్మిటివిటీ వస్తుంది. 2.9కి సుమారు 6.6. సాంద్రత 1.8 ఉన్న వదులు ధూళికి సుమారు 3.2. ఆ సూత్రం చంద్రుడి రాళ్లది, మన రాయికి అచ్చంగా వర్తించదు. గట్టి రాతికీ ధూళికీ తేడా ఎంతో అర్థం కావడానికి మాత్రం చాలు. లావాలో గాలి బుడగలు, పగుళ్లు ఉంటే సాంద్రత తగ్గి ఈ విలువ కూడా తగ్గుతుంది.

బిలాలతో సరిచూడటం

బిలం తవ్విన లోతు, అది ఏర్పడినప్పటి తొలి గుంట వ్యాసంలో సుమారు పదోవంతు. చిన్న బిలాల్లో ఆ తొలి గుంట ఇప్పుడు కనిపించే వ్యాసంలో దాదాపు 84 శాతం. 4 కిలోమీటర్ల బిలమైతే సుమారు 330 మీటర్ల లోతు నుంచి మట్టి పైకి వచ్చి ఉండాలి. పై ఉదాహరణలో పర్మిటివిటీ 8 అయితే పొర 318 దగ్గర ఉంది, బిలం దాన్ని తాకి ఉండాలి. 4 అయితే 450 దగ్గర ఉంది, తాకి ఉండదు. బిలం చుట్టూ చిమ్మిన మట్టి రంగు, కూర్పు చిత్రాల్లో వేరుగా ఉందా చూడండి. చుట్టుపక్కల చిన్నా పెద్దా బిలాలన్నిటికీ ఇదే ప్రశ్న వేస్తే పర్మిటివిటీ ఏ రెండు విలువల మధ్య ఉండాలో బయటపడుతుంది. మొత్తం పద్ధతిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది.

## 9. కనిపించింది ఏమిటి?

లావా మీద లావా వెంటనే పడితే ప్రతిధ్వని చాలా తక్కువ. పర్మిటివిటీ 7 నుంచి 6కు మారితే తిరిగొచ్చే శక్తి సుమారు మైనస్ 28 డెసిబెల్. రెండు లావా ప్రవాహాల మధ్య చాలా కాలం గడిచి, మధ్యలో ధూళి పొర పేరుకుంటే 7 నుంచి 3.5కు మారుతుంది, అప్పుడు సుమారు మైనస్ 15. కాబట్టి సౌండర్‌లో కనిపించే పొరలు చాలావరకు పూడిపోయిన పాత ధూళి పొరలని భావిస్తారు.

ఆ ధూళి పొర మందం మాత్రం చెప్పకండి. 2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో (సౌండర్ వాడే 4 నుంచి 6 మెగాహెర్ట్జ్ వెడల్పు) శూన్యంలో 75 మీటర్లు, రాతిలో సుమారు 30 మీటర్ల తేడా ఉంటేనే రెండు గీతలు విడిగా కనిపిస్తాయి. కొన్ని మీటర్ల పొర పైభాగం, అడుగుభాగం కలిసి ఒకే గీతగా వస్తాయి.

## 10. పై కొన్ని మీటర్లకు చంద్రయాన్-2

ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే డేటా దొరుకుతుంది. ఇక్కడ చూసేది నిలువు కోత కాదు, ఒకే చోటుకు ఎల్, ఎస్-బ్యాండ్‌లు ఇచ్చే సర్క్యులర్ పోలరైజేషన్ నిష్పత్తి. అంటే పంపిన తరంగం తిరిగిన దిశలోనే తిరుగుతూ వచ్చిన శక్తిని, ఎదురు దిశలో తిరుగుతూ వచ్చిన శక్తితో భాగించినది. ఎల్‌లో ఎక్కువ, ఎస్‌లో తక్కువ ఉంటే కాస్త లోతున రాళ్లు పూడి ఉండొచ్చు. నిష్పత్తి ఒకటి దాటగానే "మంచు దొరికింది" అని రాసేస్తారు. రాళ్లు నిండిన కొత్త బిలం కూడా అదే విలువ ఇస్తుంది. బిలం లోపల మాత్రమే పెరిగిందా, అంచు బయట కూడా పెరిగిందా చూసి, రెండు చోట్లా పెరిగితే రాళ్లనే అనుమానించండి.

## 11. చిక్కులు, విరుగుడు

- బొమ్మంతా ఒకే బూడిద రంగు: డెసిబెల్ మార్పు చేయలేదు, లేదా రంగుల పరిధి మరీ పెద్దది.
- నేల గీత మెట్లుమెట్లుగా దూకుతోంది: పైనేలను గుర్తించే కోడ్ పక్క ప్రతిధ్వనిని పట్టుకుంది. ఎత్తుపల్లాల మ్యాపు చెప్పిన చోటికి కొంచెం పైనా కిందా మాత్రమే వెతకమనండి.
- అనుకరణ, డేటా పక్కకు జరిగి ఉన్నాయి: రేఖాంశం 0–360, మైనస్ 180–180 గందరగోళం. టెన్షన్ పడకుండా ముందు ఇదే చూడండి.
- పొర విపరీతంగా వాలుగా ఉంది: నిలువు కొలత ఎన్ని రెట్లు సాగదీశారో చూడండి. 50 రెట్లు సాగదీస్తే ఒక డిగ్రీ వాలు కూడా 41 డిగ్రీల వాలులా కనిపిస్తుంది.
- బిలం కింద విల్లులా వంగిన గీత: దాదాపు ఎప్పుడూ క్లట్టరే.

## 12. గైడ్‌కు ఇచ్చే ముందు

- [ ] ఫైలు పేర్లు, కక్ష్య తేదీలు, ప్రాసెసింగ్ వివరాలు రాశాను.
- [ ] అసలు రాడార్‌గ్రామ్, క్లట్టర్ అనుకరణ పక్కపక్కనే, ఒకే కొలతలో పెట్టాను.
- [ ] కనీసం మూడు దారుల్లో అదే గీత చూపించాను.
- [ ] సైడ్‌లోబ్ కాదని పైనేల ఆకారంతో పోల్చి చూపించాను.
- [ ] ఆలస్యం మైక్రోసెకన్లలో, లోతు పర్మిటివిటీ పరిధితో కలిపి ఇచ్చాను.
- [ ] బిలాల పరీక్షలో కలిసినవాటితో పాటు కలవనివి కూడా పట్టికలో పెట్టాను.
- [ ] గీత పట్టని ప్రాంతాలను ఖాళీగా వదిలాను. 'అక్కడ పొర లేదు' అని ఎక్కడా రాయలేదు.